బడి వారిది, పెత్తనం ఎవరిది?

సరిగా నడవని బడిని బాగుచేయాలనడంలో ఎవరికీ పేచీ లేదు. బాగుచేయడానికి ముందు ఆ బడి ఉన్న వాడల ప్రజల ఓటును పక్కన పెట్టవచ్చునా అన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. పెట్టవచ్చుననే అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర ప్రభుత్వం తేల్చుకుంది. 2023 జూన్ 1న హ్యూస్టన్ నగర పాఠశాలల ఎన్నికైన బోర్డు నుంచి అధికారాన్ని తీసుకుని, తాను ఎంపిక చేసిన తొమ్మిది మంది చేతిలో పెట్టింది. అప్పటికి ఆ బడులు 270కి పైగా. పిల్లలు సుమారు 1,90,000 మంది. వారిలో దాదాపు 62 శాతం లాటినోలు, 22 శాతం నల్లజాతివారు. ప్రతి ఐదుగురిలో నలుగురు పేదింటి పిల్లలు. ఈ స్వాధీనాన్ని అక్కడి ప్రజలు ఎందుకు ప్రతిఘటించారో తెలుసుకోవడం కులం గురించి ఆలోచించేవారికి అవసరమని నేను అనుకుంటున్నాను. ‘మీకు చేతకాదు, మీ తరఫున మేం చేస్తాం’ అనే మాట మన వాడలు తరతరాలుగా వింటున్నదే.

అమెరికాలో ‘స్కూల్ డిస్ట్రిక్ట్’ అంటే మన రెవెన్యూ జిల్లా వంటిది కాదు. అది బడుల కోసమే ఏర్పడిన ఒక స్థానిక ప్రభుత్వం. దానికి సొంత సరిహద్దులు ఉంటాయి. ఇళ్ల మీద, స్థలాల మీద ఆస్తిపన్ను విధించే అధికారం ఉంటుంది. హ్యూస్టన్‌లో తొమ్మిది మంది ట్రస్టీలను ప్రజలు తమ తమ ప్రాంతాల నుంచి నేరుగా ఎన్నుకుంటారు. సూపరింటెండెంటును నియమించేదీ, బడ్జెట్టును ఆమోదించేదీ, ఏ బడి తెరవాలో ఏది మూయాలో నిర్ణయించేదీ ఆ బోర్డే. మన గ్రామ పంచాయతీకి బడి మీద ఇంత అధికారం ఎన్నడూ లేదు. అందుచేత అక్కడ బోర్డును తప్పించడమంటే ఒక కమిటీని మార్చడం కాదు, ఒక ప్రభుత్వాన్ని తొలగించడమే. పన్ను మాత్రం పాతవారే కట్టాలి. దాన్ని ఖర్చుపెట్టేవారిని ఇక రాష్ట్రమే ఎంచుతుంది.

ఈ తొలగింపుకు సాకు దొరికింది ఒకే ఒక ఉన్నత పాఠశాలలో. దాని పేరు ఫిలిస్ వీట్లీ. ఆఫ్రికా నుంచి బానిసగా తెచ్చి అమ్మిన పిల్ల, 1773లో తన కవితల పుస్తకాన్ని అచ్చులో చూసుకున్న నల్లజాతి కవయిత్రి, ఆమె పేరే ఆ బడికి పెట్టారు. 2015లో టెక్సాస్ శాసనసభ చేసిన చట్టం ప్రకారం ఒక్క బడి వరసగా ఐదేళ్లు రాష్ట్ర ప్రమాణాలకు చేరకపోయినా విద్యా కమిషనర్ ఆ బడిని మూసివేయాలి, లేదా మొత్తం పాఠశాల జిల్లా బోర్డు స్థానంలో నియమిత బోర్డును తేవాలి. 2019లో వీట్లీకి ఆ గతి పట్టింది. బోర్డు కోర్టుకెక్కింది. 2020 జనవరిలో స్వాధీనానికి తాత్కాలిక నిలుపుదల దొరికింది. 2023 జనవరిలో టెక్సాస్ సుప్రీంకోర్టు దాన్ని ఎత్తివేయగా, మార్చి 15న కమిషనర్ మైక్ మోరాత్ స్వాధీనాన్ని ప్రకటించారు. ఈ మధ్యలో జరిగిన ఒక సంగతి మరువరానిది. 2022 ఆగస్టులో అదే రాష్ట్రప్రభుత్వం ఇచ్చిన గ్రేడుల్లో వీట్లీ ‘సి’కి, మొత్తం జిల్లా ‘బి’కి చేరాయి. రోగి లేచి నడుస్తున్నప్పుడు పాత చీటీ చూపించి శస్త్రచికిత్స చేసినట్టయింది. చట్టం అక్షరం అందుకు అనుమతించింది. న్యాయం అనుమతించిందా అన్నదే ప్రజల ప్రశ్న.

వీట్లీ పాఠశాల ఉన్న ఫిఫ్త్ వార్డు చరిత్ర తెలిస్తే ఆ ప్రశ్న ఎంత లోతైనదో అర్థమవుతుంది. అంతర్యుద్ధం తరువాత విముక్తులైన బానిసలు స్థిరపడిన పేట అది. టెక్సాస్‌లో డెమొక్రాటిక్ పార్టీ ప్రైమరీ ఎన్నికల్లో శ్వేతజాతివారికే ఓటు ఉండేది. ఆ రోజుల్లో ప్రైమరీ గెలిచినవాడే పదవి గెలిచినట్టు కనుక నల్లవారి ఓటు కాగితం మీదే ఉండేది. ఆ అడ్డంకిని కోర్టుకు లాగినవాడు ఈ ఫిఫ్త్ వార్డు దంతవైద్యుడు లోనీ స్మిత్. తర్‌గుడ్ మార్షల్ వాదించిన ‘స్మిత్ వర్సెస్ ఆల్‌రైట్’ కేసులో 1944 ఏప్రిల్ 3న అమెరికా సుప్రీంకోర్టు శ్వేత ప్రైమరీని కొట్టివేసింది. వీట్లీలో చదివిన బార్బరా జోర్డన్ 1966లో టెక్సాస్ సెనేట్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ అయింది. ఆ తరువాత అమెరికా కాంగ్రెస్‌కు వెళ్లింది. అదే బడి విద్యార్థి మికీ లేలాండ్ ఆమె స్థానంలో కాంగ్రెస్‌కు వెళ్లి, 1989లో ఇథియోపియా శరణార్థి శిబిరానికి పోతూ విమాన ప్రమాదంలో మరణించాడు. ఓటు కోసం దేశాన్నే కోర్టుకు ఈడ్చిన పేట అది. ఆ పేట బడిని చూపించే నగరమంతటి బడి ఓటును పక్కన పెట్టారు.

పాఠశాల బోర్డు కూడా ఆ నగరంలో పోరాటంతోనే తెరుచుకుంది. నల్లజాతి పిల్లలను శ్వేతజాతి బడుల్లో చేర్చుకోవాలని 1956లోనే తల్లిదండ్రులు హ్యూస్టన్ బోర్డు మీద దావా వేశారు. ఏటా ఒక్కో తరగతి చొప్పున తలుపు తెరుస్తామంటూ బోర్డు ఏళ్ల తరబడి నాన్చింది. 1958లో హాటీ మే వైట్ అనే ఉపాధ్యాయురాలు ఆ బోర్డుకు ఎన్నికైంది. పునర్నిర్మాణ యుగం తరువాత టెక్సాస్‌లో ప్రజాపదవికి ఎన్నికైన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమెయే. ఆమె ఇంటి ముందు శిలువను తగులబెట్టారు. 1970లో వేర్పాటు తొలగించమని కోర్టు ఒత్తిడి చేసినప్పుడు మరో వింత జరిగింది. మెక్సికన్ అమెరికన్లను కాగితం మీద ‘శ్వేతజాతి’గా లెక్కకట్టి, వారి బడులను నల్లజాతి బడులతో జతకలిపారు. నిజమైన శ్వేతజాతి బడులు చాలావరకు చెక్కుచెదరలేదు. మెక్సికన్ కుటుంబాలు వేలాది పిల్లలను బడి మాన్పించి, చర్చిల్లో, సామాజిక కేంద్రాల్లో సొంత సమ్మె బడులు నడిపాయి. వర్గీకరణ ఎవరి చేతిలో ఉంటే ఫలితం వారి వైపే మొగ్గుతుందని కులపట్టికలు చదివిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

రాష్ట్ర ప్రభుత్వం వాదనను కూడా న్యాయంగా వినాలి. ఎన్నికైన బోర్డు పుటం పెట్టిన బంగారమేమీ కాదు. కొందరు ట్రస్టీలు బహిరంగ సమావేశాల చట్టాన్ని ఉల్లంఘించారని రాష్ట్ర దర్యాప్తు తేల్చింది. ఒక మాజీ బోర్డు అధ్యక్షురాలు లంచం కేసులో 2021లో నేరం అంగీకరించింది. కొన్ని బడులు ఏళ్ల తరబడి వెనకబడి ఉంటే బోర్డు చూస్తూ ఊరుకుందన్నది అబద్ధం కాదు. అంతకంటే మింగుడుపడని నిజం మరొకటి ఉంది. 2015 చట్టంలో ఆ ఐదేళ్ల నిబంధన పెట్టించినవాడు హెరాల్డ్ డట్టన్. ఆయన ఫిఫ్త్ వార్డుకు ప్రాతినిధ్యం వహించే నల్లజాతి డెమొక్రాట్, వీట్లీ పూర్వవిద్యార్థి. తన పేట బడులు తరం తరువాత తరాన్ని పోగొట్టుకుంటుంటే సహించలేక ఆ నిబంధన తెచ్చానని ఆయన చెప్పుకున్నాడు. ఆ ఆవేదనను నేను తేలికగా తీసుకోను. అణగారిన వాడలో చదువు చెడిపోతే మొదట మండేది ఆ వాడలో చదువుకున్నవాడి గుండెకే.

కాని ఆవేదన నిజమైనంత మాత్రాన మందు సరైనది కానక్కరలేదు. 2019 చివరి ఎన్నికల్లో హ్యూస్టన్ ఓటర్లు ఇద్దరు పాత ట్రస్టీలను ఓడించారు. 2020 జనవరిలో నలుగురు కొత్తవారు ప్రమాణం చేశారు. అంటే తప్పు చేసిన బోర్డును శిక్షించే పని ఓటరు అప్పటికే మొదలుపెట్టాడు. వీట్లీ గ్రేడు పెరిగింది కూడా ఆ ఏళ్లలోనే. ప్రజాస్వామ్యం ఆలస్యంగా పనిచేస్తుంది, తడబడుతుంది. అయితే తప్పును దిద్దే పద్ధతి దానిలోనే ఉంది. నియమిత బోర్డు తప్పు చేస్తే దిద్దేవారెవరు? దాన్ని నియమించిన కమిషనరే. కమిషనర్‌ను నియమించేది గవర్నర్. ఫిఫ్త్ వార్డు తల్లికి ఆ గొలుసులో ఎక్కడా చెయ్యి అందదు. అంతకంటే విడ్డూరం, ట్రస్టీల ఎన్నికలు 2023 నవంబరులో కూడా జరిగాయి. గెలిచినవారికి ఏ అధికారమూ లేదు. ఓటు పెట్టె ఉంది, దాని వెనక ప్రభుత్వం లేదు.

ఇది హ్యూస్టన్ ఒక్కదాని కథ కాదు. 1989లో న్యూజెర్సీ రాష్ట్రం జెర్సీ సిటీ బడులను స్వాధీనం చేసుకోవడంతో అమెరికాలో ఈ పద్ధతి మొదలైంది. 1995లో అదే రాష్ట్రం న్యూఆర్క్ బడులను తీసుకుంది. అక్కడి ప్రజలకు వాటిని పూర్తిగా తిరిగి దక్కించుకోవడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. 2005లో కత్రినా తుపాను తరువాత న్యూ ఓర్లీన్స్‌లో బడుల్లో అత్యధిక భాగాన్ని రాష్ట్రం తీసుకుని చార్టర్ సంస్థలకు అప్పగించింది. ఏడు వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. వారిలో అధికులు నల్లజాతివారు. ఆ నగరంలో నల్లజాతి మధ్యతరగతికి వెన్నెముక ఆ ఉపాధ్యాయినులే. రాజనీతి శాస్త్రవేత్త డొమింగో మొరెల్ 2018లో వెలువరించిన ‘టేకోవర్’ అనే గ్రంథంలో ఈ చరిత్రనంతా పరిశీలించాడు. నల్లజాతి ప్రజలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లోనే ఎన్నికైన బోర్డులను పూర్తిగా తొలగించడం ఎక్కువగా జరిగిందని ఆయన చూపించాడు. నల్లజాతివారు నగర పాలనలోకి ఎన్నికై వస్తున్న కాలంలోనే నగర బడుల మీద రాష్ట్రాల అధికారం బిగుస్తూ వచ్చింది. ఓటు ఎక్కడ కొత్తగా చేరిందో అసమర్థత అక్కడే త్వరగా కనబడుతుంది. మన దేశంలో ‘ప్రతిభ’ అనే మాట రిజర్వేషన్ తలుపు దగ్గరే ఎందుకు బిగ్గరగా వినబడుతుందో గుర్తు చేసుకోండి.

పోనీ, చదువులైనా బాగుపడ్డాయా? 2011 నుంచి 2016 వరకు స్వాధీనమైన 35 జిల్లాలను పరిశీలించిన బెత్ షూలర్, జాషువా బ్లైబర్గ్ అనే పరిశోధకులకు సగటున పరీక్ష మార్కుల్లో మేలేమీ కనిపించలేదు. మసాచుసెట్స్‌లోని లారెన్స్ వంటి చోట్ల మేలు జరిగింది. న్యూ ఓర్లీన్స్‌లో మార్కులు పెరిగాయి. మరికొన్ని చోట్ల నష్టమే జరిగింది. హ్యూస్టన్ విషయంలో పెరిగిన మార్కులను దాచనక్కరలేదు. రాష్ట్ర పరీక్షల్లో అక్కడి పిల్లలు 2024లోనూ 2025లోనూ ముందుకు వెళ్లారు. 2025 గ్రేడుల్లో ‘ఎఫ్’ వచ్చిన బడి ఒక్కటీ లేదు. నియమిత సూపరింటెండెంట్ మైక్ మైల్స్ తాను ఎంచుకున్న బడుల్లో ఉపాధ్యాయుల జీతాలు కూడా పెంచారు. పేద పిల్ల చదవడం నేర్చుకుంటే అది ఎవరి పాలనలో జరిగినా సంతోషించవలసిందే.

ఆ మార్కుల వెనక ఏం నడిచిందో కూడా చూడాలి. మైల్స్ ‘కొత్త విద్యా విధానం’ పేరుతో తెచ్చిన పద్ధతిలో పాఠం పై నుంచి తయారై వస్తుంది. తెర మీద పలకలు, కొద్ది నిమిషాలకొక ప్రశ్న, గడియారం చూసి బోధన. తలుపులు తెరిచి ఉంచాలి, పరిశీలకులు ఎప్పుడైనా వస్తారు. మొదటి ఏడాది 28 బడులు పూర్తిగా ఈ విధానంలోకి వచ్చాయి, మరో 57 దానికి అనుబంధమయ్యాయి. వాటిలో అనేక బడుల గ్రంథాలయాలు మూతపడ్డాయి. పుస్తకాల గదిని ‘టీమ్ సెంటర్’గా మార్చారు. పాఠం త్వరగా పూర్తిచేసిన పిల్లలను అక్కడ కూర్చోబెట్టారు, తరగతిలో అల్లరి చేసినవారినీ అక్కడికే పంపి తెర మీద పాఠం వినిపించారు. అదే నగరంలో సంపన్న పేటల బడులకు ఈ పథ్యం పెట్టలేదు, వాటి గ్రంథాలయాలు తెరిచే ఉన్నాయి. వేల మంది ఉపాధ్యాయులు వెళ్లిపోయారు. అంతకుముందు నుంచీ తగ్గుతున్న పిల్లల సంఖ్య రెండేళ్లలో మరో పదివేలకు పైగా పడిపోయింది. ఒక వాడ పిల్లకు మార్కులు, మరో వాడ పిల్లకు పుస్తకాలు. ఈ పంపకానికి మన భాషలో పేరుంది. ఒకరికి విద్య, మరొకరికి శిక్షణ.

దీన్ని ఎదిరించినవారు ఎవరు? వీట్లీ పూర్వవిద్యార్థులు, ఉపాధ్యాయ సంఘం, పౌరహక్కుల సంస్థలు, చర్చి పెద్దలు, లాటినో తల్లులు. అప్పటి మేయర్ సిల్వెస్టర్ టర్నర్, కాంగ్రెస్ సభ్యురాలు షీలా జాక్సన్ లీ బహిరంగంగా వ్యతిరేకించారు. పిల్లలు తరగతులు వదిలి రోడ్డు మీదికి వచ్చారు. బోర్డు సమావేశాల్లో మాట్లాడటానికి తల్లిదండ్రులు రాత్రి పొద్దుపోయే దాకా వరసలో నిలబడ్డారు. వారికిచ్చిన నిమిషం ముగియగానే మైకు ఆగిపోయేది. విన్నవారెవరూ వారి ఓటుతో గెలిచినవారు కాదు కనుక వినవలసిన అగత్యమూ లేదు.

ఓటు మిగిలిన తలుపు ఒక్కటే దొరికింది. 2024 నవంబరులో నియమిత బోర్డు 440 కోట్ల డాలర్ల రుణపత్రాలకు ప్రజల అనుమతి కోరింది. శిథిలమైన బడులను మళ్లీ కట్టడానికి, గదుల్లో ఉష్ణోగ్రత అదుపుచేసే యంత్రాలకు, భద్రతకు ఆ డబ్బు కావాలి. అవసరం నిజమైనదే. అయినా ఓటర్లలో సుమారు 58 శాతం మంది ‘వద్దు’ అన్నారు. నమ్మకం లేనిచోట రుణపత్రం లేదు అన్నది వారి నినాదం. తమ పిల్లలు కూర్చునే గదుల మరమ్మతును తామే ఆపుకోవలసి రావడం ఎంత చేదు విషయమో ఊహించండి. బడి కావాలా, బడి మీద మాట కావాలా అని పేదవాణ్ణి ఎంచుకోమనడమే ఈ వ్యవస్థ చేసిన పెద్ద అన్యాయం. సంపన్న పేటలో ఎవరూ ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోనక్కరలేదు. 2025 జూన్‌లో రాష్ట్రం తన స్వాధీనాన్ని మరో రెండేళ్లు, 2027 జూన్ 1 వరకు పొడిగించింది. ఓటర్ల తీర్పుకు వచ్చిన జవాబు అదే.

నియమిత బోర్డులో నల్లజాతివారు, లాటినోలు ఉన్నారు కదా, అందరూ ఆ నగరవాసులే కదా అని రాష్ట్రం సమర్థించుకుంది. ఈ వాదన వినగానే నాకు 1932 గుర్తుకు వస్తుంది. ఆ ఏడాది ఆగస్టులో వచ్చిన కమ్యూనల్ అవార్డు అణగారిన వర్గాలకు రాష్ట్ర శాసనసభల్లో ప్రత్యేక నియోజకవర్గాల ద్వారా 71 స్థానాలిచ్చింది. సెప్టెంబరు 24 నాటి పూనా ఒడంబడిక స్థానాలను 148కి పెంచి, ప్రత్యేక నియోజకవర్గాన్ని తీసివేసింది. సంఖ్య రెట్టింపయింది, ఎంపిక చేసే చేయి మారింది. మనవాడు కుర్చీలో ఉండటం, మనం ఎంచుకున్నవాడు కుర్చీలో ఉండటం రెండు వేర్వేరు విషయాలని అంబేడ్కర్ ఆ తరువాత జీవితాంతం వాదించాడు. ఎంచినవారి చేతిలో ఉన్న ప్రతినిధి వారికే జవాబుదారీ అవుతాడు. హ్యూస్టన్ నియమిత బోర్డు మీద అక్కడి ప్రజలు పెట్టిన అభ్యంతరం సరిగ్గా ఇదే. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు లేఖ రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవారు ఇచ్చిన వినతిపత్రం గురించి అడిగాడు. రెండు ప్రజల అనుభవం ఒకే మూసలోదని ఆయనకు తెలుసు.

డబ్బు మాట కూడా చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు. అమెరికాలో బడి ఆదాయానికి ఇళ్ల ధరలే ఒక ముఖ్యమైన ఆధారం. ఖరీదైన ఇళ్లున్న జిల్లా తక్కువ పన్ను రేటుతోనే ఎక్కువ వసూలు చేసుకుంటుంది. టెక్సాస్‌లోనే శాన్ ఆంటోనియో నగరపు మెక్సికన్ అమెరికన్ తల్లిదండ్రులు దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1973లో ‘రోడ్రిగెజ్’ కేసులో కోర్టు 5-4 తేడాతో వారిని ఓడించింది. విద్య సమాఖ్య రాజ్యాంగం హామీ ఇచ్చిన మౌలిక హక్కు కాదని చెప్పింది. ఆ తరువాత టెక్సాస్ ధనిక జిల్లాల నుంచి కొంత సొమ్మును పేద జిల్లాలకు మళ్లించే ఏర్పాటు చేసింది. ఆస్తులు పోగైన నగరం కావడం వల్ల, ఇంతమంది పేద పిల్లలున్న హ్యూస్టన్ కూడా ఆ లెక్కలో రాష్ట్రానికి డబ్బు తిరిగి కట్టవలసి వచ్చింది. ఇళ్ల వేర్పాటును, ఆస్తి వేర్పాటును అలాగే ఉంచి, వాటి ఫలితాన్ని పిల్లల మార్కుల్లో కొలిచి, చివరికి శిక్షను తల్లిదండ్రుల ఓటుకు వేయడం తర్కం కాదు, పెత్తనం.

హ్యూస్టన్ చుట్టుపక్కల మన తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. ఎక్కువమంది కేటీ, షుగర్ ల్యాండ్, పియర్‌ల్యాండ్ వంటి శివార్లలో ఉంటారు. అవన్నీ వేరే పాఠశాల జిల్లాల కిందికి వస్తాయి. ఇల్లు కొనేముందు మనవాళ్లు బడి గ్రేడు చూస్తారు, ఆ గ్రేడును బట్టే ఇంటి ధర పెరుగుతుంది. అందులో తప్పు పట్టడానికి లేదు, ఏ తల్లిదండ్రులైనా అదే చేస్తారు. నాకు అభ్యంతరం ఆ తరువాత వినబడే మాట మీద. ‘ఆ పేటల వాళ్లకు చదువు మీద శ్రద్ధ లేదు’ అని కొందరు అలవోకగా అనేస్తారు. ఇదే మాటను వారి తాతలు ఊళ్లో మాలపల్లె గురించి, మాదిగపల్లె గురించి అన్నారు. ఓడ ఎక్కిన కులం అక్కడ రంగును చూసి తన పాత నిఘంటువునే తెరుస్తుంది. టెక్సాస్‌కు చదువు కోసం వెళ్లే దళిత, బహుజన విద్యార్థులు ఈ నిఘంటువును గుర్తుపట్టాలి, దానిలో కొత్త పదాలు చేర్చకూడదు.

మన దగ్గర సంగతేమిటి? నేను ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం బోధించాను. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలంది. అందులో మూడొంతుల పాళ్లు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది స్త్రీలుండాలి. బలహీన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, నిధుల వినియోగాన్ని పర్యవేక్షించడం ఆ కమిటీ పని. కాగితం మీద ఇది ఫిఫ్త్ వార్డు తల్లి అడుగుతున్న దానికి దగ్గరగా ఉంది. నేను పనిచేసిన ఒక బడిలో తీర్మానాల పుస్తకం కూలికి పోయే తల్లుల ఇంటికే వెళ్లేది. వాళ్లు సంతకమో వేలిముద్రో వేసి పంపేవారు. పుస్తకంలో ఏముందని అడిగితే, సార్లు పెట్టమన్నారు, పెట్టామని ఒక తల్లి నాతో చెప్పింది. ఆ పేజీలో ఆమె బిడ్డ బడి ఖర్చుల లెక్క ఉంది. అక్కడ హ్యూస్టన్‌లో ప్రజల అధికారాన్ని ఉత్తర్వుతో తీసుకున్నారు. ఇక్కడ ఎవరూ తీసుకోనక్కరలేకపోయింది, ఎందుకంటే దాన్ని చేతికే ఇవ్వలేదు.

ఎన్నికైన సంస్థను పక్కన పెట్టే పద్ధతి మనకూ తెలుసు. మన భాషలో దాని పేరు ‘ప్రత్యేకాధికారుల పాలన’. తెలంగాణలో గ్రామ పంచాయతీల గడువు ముగిశాక 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా ఊళ్లను అధికారులే నడిపారు. ఆ కాలంలో దళిత, గిరిజన, వెనకబడిన కులాల సర్పంచుకు, మహిళా సర్పంచుకు దక్కవలసిన కుర్చీ ఖాళీగా ఉంది. ఎవరూ పెద్దగా రోడ్డెక్కలేదు. పాలన ఆగలేదు కదా అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 నంబరు ఉత్తర్వుతో మూడు నుంచి ఐదు తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపినప్పుడు చాలా ఊళ్లలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు నిరసన తెలిపారు. తరువాతి ప్రభుత్వం ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. బడిని కలిపినప్పుడు గానీ విడదీసినప్పుడు గానీ పల్లెలోని తల్లి నిర్ణయకర్త కాలేదు. ఆమె అభిప్రాయం అడిగితే దయ, అడగకపోతే మామూలు. ఈ మామూలే మనం ప్రశ్నించవలసింది.

దళిత ఉద్యమం చదువు కోసం చేసిన పోరాటాలు చిన్నవి కావు. హాస్టలు సీటు, ఉపకార వేతనం, ఫీజు రీయింబర్స్‌మెంట్, గురుకులం, రిజర్వేషన్, వర్గీకరణ, ఇవన్నీ రక్తం ధారపోసి సాధించుకున్నవి. అయితే వీటన్నిటిలో మనం అడిగింది బడిలో చోటు. బడి మీద మాట అడగడం ఇంకా మిగిలే ఉంది. గురుకులంలో పిల్లలకు కలుషితాహారం పెట్టినప్పుడు మనం ధర్నా చేస్తాం. ఆ గురుకులానికి సరుకులు ఎవరు సరఫరా చేయాలో, వంట ఎవరు చూడాలో నిర్ణయించే చోట తల్లిదండ్రులు ఎందుకు లేరని అడగం. సీటు దక్కినవాడు లబ్ధిదారు అవుతాడు, నిర్ణయంలో భాగం దక్కినవాడే పౌరుడవుతాడు.

అందుచేత విద్యార్థి సంఘాల ముందు రెండు పనులున్నాయని నా అభిప్రాయం. మొదటిది, ప్రతి ప్రభుత్వ బడిలో, ప్రతి గురుకులంలో తల్లిదండ్రుల కమిటీకి బహిరంగ ఎన్నిక జరగాలని, తీర్మానాల పుస్తకం గ్రామసభలో చదివి వినిపించాలని పట్టుబట్టాలి. కూలి దినం పోగొట్టుకుని సమావేశానికి వచ్చే తల్లికి ఆ దినకూలి ఇవ్వాలని అడగాలి. ఎన్నికల గడువు దాటిన ఏ స్థానిక సంస్థలోనైనా అధికారి పాలన ఒక్క రోజు మించినా అది మన హక్కు మీద దెబ్బేనని ఎలుగెత్తాలి. రెండోది, ప్రభుత్వ బడిలో చదువు నాసిగా ఉంటే దాన్ని మనమే ముందుగా, గట్టిగా చెప్పాలి. మన బడి లోపాన్ని మనం దాచిపెడితే ఆ లోపాన్ని ఎత్తిచూపే అవకాశం మన ఓటును తీసుకోదలచినవాడికి దక్కుతుంది. ఫిఫ్త్ వార్డు మనకు నేర్పే కఠినమైన పాఠం ఇదే.

చదువు రాని పిల్లను చూపించి తల్లి ఓటును తీసుకోవడానికి ఏ ప్రభుత్వానికీ అధికారం లేదు. ఆ పిల్లకు చదువు చెప్పలేకపోయిన బోర్డుకు ఆ తల్లి ఓటే మొదటి శిక్ష, ఆ ఓటే మొదటి మందు. ఓటు నెమ్మదిగా పనిచేస్తుందని దాన్ని పారేస్తే రేపు వేగంగా వచ్చేది మన మేలే అయి ఉంటుందన్న పూచీ లేదు. హ్యూస్టన్ ప్రజలు తమ బడులను తిరిగి అడుగుతున్నారు. మనం ఇంకా మొదటిసారి అడగవలసి ఉంది.